తీగకు అవతలి చెయ్యి

పరంధామయ్య గారు పోయిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, ఆయన భార్య రాజేశ్వరమ్మ ఉపేందర్ కొట్టుకు నడిచి వచ్చింది. వినాయకుడి పందిళ్ళ కోసం నాచారం మెయిన్ రోడ్డు మీద వెదురు బొంగులు దింపుతున్నారు. వాటి మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చి, షట్టరు పక్కన స్టూలు మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

ఉపేందర్ ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్లవి, మటన్ షాపులవి, పారిశ్రామికవాడలో బస్తాలు తూచే పెద్దవి కూడా. పొద్దున కొట్టు తెరవగానే ఆంజనేయస్వామి పటానికి అగరుబత్తి వెలిగించి, ఖాళీ కాంటా సున్నా చూపిస్తోందో లేదో చూసుకున్నాకే వేరే పని. పని చేతనైంది పరంధామయ్య వల్లే. ఆయన హబ్సిగూడ దగ్గర భూమి లోపలి సంగతులు పరిశోధించే సంస్థలో పరికరాలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ఈ కొట్లో కూర్చుని ఉపేందర్‌కు సర్క్యూట్లు చదవడం నేర్పారు. విండోస్ బదులు వాడుకునే లినక్స్ సీడీ ఊరికే పోస్టులో వస్తే తెచ్చి అతని పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది కూడా ఆయనే.

"ఫోన్ జేస్తె నేనే వస్తుంటి గదమ్మా. గీ ఎండల ఎందుకొచ్చిన్రు?" అన్నాడు ఉపేందర్, మంచినీళ్ళు అందిస్తూ.

"ఫోనులో చెప్పే మాట కాదు నాయనా. మీ సారు పెట్టెలో ఉన్నది నాకు చదివి పెట్టాలి. రేపు పొద్దుటి లోపల."

ఆ పెట్టె ఉపేందర్‌కు తెలుసు. వాళ్ళ ఇంటి పెరట్లో వాడకం లేని పాత బావి ఉంది. పరంధామయ్య దాని గట్టు మీద ఒక కప్పీ బిగించి, కప్పీ మీదుగా సన్నని స్టీలు తీగ వేసి, తీగ చివర నీళ్ళ మీద తేలే బుడ్డి కట్టారు. నీళ్ళు లేస్తే, దిగితే కప్పీ తిరుగుతుంది. పక్కనే సిమెంటులో పాతిన ఇనప పెట్టె ఆ మట్టాన్ని నిమిషానికోసారి రాసుకుంటుంది. ఆయన రోజూ పొద్దున వెళ్ళి తీగకు వేసిన ముడులను చేత్తో తడిమి, మట్టం సరిచూసి, పెట్టె మీది బొత్తాం నొక్కేవారు. ఆ నిమిషం వరుస చివర నక్షత్రం గుర్తు పడుతుంది. చేత్తో చూశాను అని సంతకం లాంటిది. చివరి ఏడాది చక్కెర జబ్బుతో చూపు పూర్తిగా పోయినా ఆ పని మానలేదు. పెరటి గుమ్మం నుంచి బావి దాకా నైలాన్ తాడు కట్టించుకుని, దాన్ని పట్టుకుని నడిచేవారు.

"నీళ్ళ లెక్క మీకెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు ఉపేందర్.

రాజేశ్వరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆయన కళ్ళ కోసం నేను నలభై ఒక్క రోజులు లలితా సహస్రం పట్టాను. తెలుసుగా? పొద్దున ఆరింటికి దీపం పెట్టి కూర్చుంటే, అయిందాకా లేవకూడదు. మధ్యలో వేరే మాట పలక్కూడదు. ముప్పై తొమ్మిదో రోజు అది. ఫ్యాక్టరీ సైరను ఆరుంబావుకి మోగుతుంది చూడు, అది ఆగిన కాసేపటికి పెరట్లోంచి 'రాజ్యం' అని పిలిచారు. నేను పలకలేదు. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ పిలిచారు. అప్పుడూ పలకలేదు. రెండు రోజులు ఓపిక పడితే దీక్ష గట్టెక్కుతుంది, ఆ తర్వాత ఆయన కళ్ళు అమ్మవారు చూసుకుంటుంది అనుకున్నాను. హారతిచ్చి వెళ్ళేసరికి గట్టుకి ఆనుకుని కూర్చున్నారు. తీగ పిడికిట్లో ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది."

ఉపేందర్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"గుండె ఆగిందన్నారు డాక్టరు గారు. ఎప్పుడు అంటే, అరగంట కావచ్చు, గంట కావచ్చు అన్నారు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే అందరూ ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు ఉపేంద్రా, టైము కావాలి. ఆయన పిలిచినప్పుడు ప్రాణంతో ఉన్నారా? నేను లేచి వెళ్ళుంటే బతికేవారా? ఆ రోజు నుంచి నేను దీపం ముట్టుకోలేదు. ఏటిసూతకం అనుకుంటున్నారు చుట్టుపక్కల వాళ్ళు. కాదు. ఏ చేత్తో ముట్టుకోను?"

"రేపు పొద్దుగాల లోపల్నే ఎందుకమ్మా?"

"ఆ పెట్టెకి అరవై రోజులే జ్ఞాపకం అనేవారు. ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటుందట. రేపు పొద్దుటికి అరవై నిండుతాయి. ఆయన కంప్యూటరులో చూద్దామంటే అది మొన్న పిడుగుకి పోయింది."

ఉపేందర్ లేచి, కాంటా మీదున్న బరువులు తీసేసి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

ఆ పెట్టెతో మాట్లాడాలంటే తొమ్మిది సూదుల పాతకాలపు సీరియల్ తీగ ఒక్కటే దారి. కాంటాలకూ అదే ఉంటుంది. కానీ అతని ల్యాప్‌టాప్‌కు ఆ మూతి లేదు. అందుకే పోయిన వారమే సికింద్రాబాద్ నుంచి ఒక అడాప్టర్ తెచ్చుకున్నాడు. ఒక వైపు తొమ్మిది సూదులు, రెండో వైపు యూఎస్‌బీ. ఇంకా వాడి చూడలేదు. ఇంత చిన్న వస్తువు ఏం ఇబ్బంది పెడుతుందిలే అనుకున్నాడు.

రెండు గంటలకు బావి గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. పెరట్లో ఎండ నిలువుగా పడుతోంది. ఆకు కదలడం లేదు. పక్కింట్లో కూడా చప్పుడు లేదు. నైలాన్ తాడు ఇంకా గుమ్మం నుంచి బావి దాకా అలాగే కట్టి ఉంది. దాని మీద ఎవరూ బట్టలు కూడా ఆరేయలేదు. రాజేశ్వరమ్మ పెరటి మెట్టు మీద కూర్చుంది.

ఉపేందర్ అడాప్టర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. దాని మీది చిన్న ఎర్ర దీపం వెలిగింది. కంప్యూటరు తనకు ఏం తగిలినా ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా తెరిచాడు. సీరియల్ అడాప్టర్ దొరికింది, దీని పేరు యూఎస్‌బీ జీరో అని రాసుంది. హమ్మయ్య అనుకుంటుండగానే దాని కింద ఇంకో వరుస పడింది. యూఎస్‌బీ జీరో తెగిపోయింది.

అడాప్టర్ తీగ కదిలిందేమోనని చూశాడు. బిగువుగానే ఉంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పీకి మళ్ళీ పెట్టాడు. దొరికింది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. తెగిపోయింది.

రెండో వైపు సాకెట్టులో పెట్టాడు. దొరికింది. తెగిపోయింది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. అదే వరస. పాడైన వస్తువైతే అసలు దొరకదు, లేకపోతే ఒకసారి ఉండి ఒకసారి పోతుంది. ఇది అలా కాదు. ప్రతిసారీ సరిగ్గా ఒక్క ఊపిరి తర్వాతే పోతోంది. అవతల ఎవరో చెయ్యి చాపుకుని కూర్చుని, తను తగిలించగానే అందుకుని లాగేసుకుంటున్నట్టుగా ఉంది.

"ఏమైంది నాయనా?" అంది రాజేశ్వరమ్మ.

"దొరుకుతున్నదమ్మా, నిలుస్తలేదు."

"ఆయనా అంతే. పిలిస్తే పలికేవారు, వచ్చేవారు కాదు," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఫోన్ మోగింది. ఉపేందర్ భార్య స్వర్ణలత. "షట్టర్ ఏసి యాడికి వోయినవ్? మటన్ కొట్టు మామ కాంటా కోసం వచ్చి గంటైతున్నది."

"పరంధామయ్య సారు ఇంట్ల. బాయి కాడ ఉన్న."

"బాయి కాడనా? సచ్చిపోయినాయన బాయి కాడ నీకేం పని? నిమ్మకాయ గిట్ల జేబుల పెట్టుకున్నవా?"

"నా జేబుల స్క్రూడ్రైవర్ ఉన్నది, సాలు," అని పెట్టేశాడు. కానీ ఆ మాట తర్వాత బావి లోపలికి చూడకుండా ఉండలేకపోయాడు. పది గజాల లోతున నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. బుడ్డి ఒక పక్కకు ఒరిగి ఉంది. అదే సమయంలో తన వెనక నైలాన్ తాడు ఊగింది. గాలి లేదు. తాడుకు అటు చివర, మెట్టు మీద, రాజేశ్వరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఉడత ఏదైనా దూకిందేమో. ఉపేందర్ మనసులో ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు.

దండకం పూర్తి కాకముందే హబ్సిగూడలో నెట్ సెంటర్ నడిపే ప్రశాంత్‌కు ఫోన్ చేశాడు. లినక్స్ గురించి అతనికి తెలియంది లేదు.

"ప్రశాంత్, గీ అడాప్టర్ కనవడుతది, మల్ల మాయమైతది. దయ్యం వట్టినట్టు జేస్తున్నది."

"దయ్యం కంప్యూటర్ల ఉండదన్నా, కంప్యూటర్ ముంగట కూసుంటది," అని నవ్వాడు ప్రశాంత్. "చిట్టాల దొరికింది అన్న వరుసకి, తెగింది అన్న వరుసకి నడిమిట్ల ఇంకేమన్న ఉన్నదా, జర సదువు."

ఉపేందర్ కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. నిజమే, మధ్యలో ఇంకో సన్న వరుస ఉంది. తను పట్టించుకోలేదు. అందులో ఏదో ప్రోగ్రామ్ పేరుంది. అక్షరం అక్షరం చదివి చెప్పాడు.

"ఆఁ, దొరికిండు దొంగ. నీ అడాప్టర్ మంచిదే అన్నా. గది కండ్లు లేనోళ్ళ కోసం పెట్టిన ప్రోగ్రాము. వాళ్ళు తెర మీదిది చేత్తోని తడిమి సదివే పలక ఒకటుంటది, బ్రెయిలీ పలక. ఆ పలకల గూడ నీ అడాప్టర్ల ఉండె చిప్పే ఉంటది. నువ్వు తగిలియ్యంగనే, ఎవరో కండ్లు లేనాయన వచ్చిండు అనుకొని ఆ ప్రోగ్రాము ఉరికొచ్చి పట్టుకుంటున్నది. ఇంకోళ్ళకు ఇడుస్తలేదు. దాన్ని తీసెయ్, అయిపాయె. నెట్ గూడ అక్కర్లేదు."

"నేనెన్నడు పెట్టలేదు గదా దాన్ని?"

"సీడీల దాంతోనే వస్తదన్నా. అందరి కాడ ఉంటది. ఎవరికీ ఎరుకుండదు."

ఫోన్ పెట్టేశాక ఉపేందర్ అడాప్టర్‌ను పీకి చేతిలోకి తీసుకున్నాడు. అందరి దగ్గరా ఉండేదే. ప్రశాంత్ చెప్పిన దాంట్లో వింత ఏమీ లేదు. అయినా ఆ సీడీ తెచ్చిందెవరు, ఈ గట్టు మీద తడుముకుంటూ కూర్చున్నదెవరు అనిపించి, దాన్ని పట్టా మీద పెట్టేశాడు.

"ఏం తీసేయమన్నాడు?" అంది రాజేశ్వరమ్మ. అంతా విన్నది ఆమె.

దాచి లాభం లేదని చెప్పాడు. చూపు లేనివాళ్ళ కోసం పెట్టిన చెయ్యి లాంటిదొకటి లోపల ఉందని, అది తీగను పట్టుకుని వదలడం లేదని.

ఆమె బావి వైపు చూసింది. "ఊరికే పీకెయ్యకు నాయనా. అడిగి తియ్యి," అంది.

పిచ్చి మాట అనుకోలేకపోయాడు ఉపేందర్. ప్రోగ్రామ్‌ను తీసేసే ఆజ్ఞ కొట్టాడు. నిజంగా తీసేయాలా, అవునా కాదా అని తెర మీద ప్రశ్న నిలబడింది. బావి వైపు తిరిగి, కొట్లో పని మధ్యలో మాట్లాడినట్టే, "సార్, జర చెయ్యి దియ్యున్రి. అమ్మ కోసం," అని, అవును అని నొక్కాడు.

అడాప్టర్ మళ్ళీ తగిలించాడు. దొరికింది. ఒక ఊపిరి. రెండు. పది. తెగిపోలేదు.

రాజేశ్వరమ్మ తెచ్చిచ్చిన పరంధామయ్య నోటు పుస్తకంలో రాసి ఉన్న ప్రకారం అంకెలు వచ్చే వేగం సరిపెట్టి, దాచినదంతా పంపమనే అక్షరం పెట్టెకు పంపాడు. తెర మీద అంకెలు కారడం మొదలైంది. తేదీ, గంట, నిమిషం, మట్టం. అరవై రోజుల నిమిషాలు రావడానికి అరగంట పట్టింది. ఈలోగా పెట్టె గడియారాన్ని తన సెల్‌ఫోన్‌తో పోల్చి చూశాడు. ఒక్క నిమిషం కూడా తేడా లేదు.

అన్నీ వచ్చాక ఆ రోజు దగ్గరికి వెళ్ళాడు. ఆరూ ఇరవైయొకటి. వరుస చివర నక్షత్రం. ఆరూ ఇరవైరెండు. ఇంకో నక్షత్రం.

ఆమె చెప్పిన రెండు పిలుపులూ అక్కడ ఉన్నాయి, నిమిషం తేడాతో. బొత్తాం నొక్కింది పరంధామయ్యే కదా, ఇంకెవరు నొక్కుతారు? అంటే ఆరూ ఇరవైరెండు దాకా ఆయన ప్రాణంతోనే ఉన్నారు. పిలిచారు, బొత్తాం నొక్కారు, మళ్ళీ పిలిచారు, మళ్ళీ నొక్కారు. ఈమె పదడుగుల దూరంలో కూర్చుని నామాలు చదువుకుంటోంది.

"దొరికిందా?" అంది రాజేశ్వరమ్మ.

లేదమ్మా, ఆ రోజుది చెరిగిపోయింది అనడం ఎంత సేపు? నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతని తండ్రి పాతకాలపు ముల్లు కాంటాలు బాగుచేసినవాడు. ముల్లు మీద వేలు పెట్టినవాడికి మెతుకు ఒంటబట్టదని చెప్పేవాడు. దయతో పెట్టినా వేలు వేలే.

"జర ఆగున్రమ్మా. మొత్తం సూసి చెప్త," అని మొదటి నుంచి చదివాడు. ఐదూ యాభై దాకా మట్టం మామూలుగా ఉంది, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఊగుతూ. ఐదూ యాభైయొకటికి నక్షత్రం ఉంది. అది రోజూ పడేదే. ఐదూ యాభైమూడుకి మట్టం ఒక్కసారిగా రెండడుగులు లేచింది. నీళ్ళు అలా లేవవు. తీగను ఎవరో గుప్పిట్లో బిగించి లాగితేనే అలా చూపిస్తుంది. అక్కడి నుంచి కిందికి చూసుకుంటూ వెళ్ళాడు. ఐదూ యాభైనాలుగు, అదే అంకె. యాభైఐదు, అదే అంకె. ఆరు. ఆరూ పది. అదే. నక్షత్రాలు పడిన ఇరవైయొకటి, ఇరవైరెండు దగ్గర కూడా అదే. ఆరూ యాభైకి, హారతి అయ్యాక ఆమె వచ్చి పిడికిలి విప్పిన వేళకు గానీ, మట్టం మళ్ళీ దిగలేదు.

అతను ఆ అంకెలను ఇంకోసారి పైనుంచి కిందికి చదివాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఎత్తుకుని మెట్టు దగ్గరికి వెళ్ళి ఆమె పక్కన పెట్టాడు.

"అమ్మా, నేను మస్తు యేండ్లసంది కాంటాలు సూస్తున్న. మటన్ షాపుల జీవమున్న మ్యాకను కాంటా మీద నిలవెడ్తె అంకె నిలువదు. కట్టేసినా నిలువదు. ఊపిరి తీస్తే సుత అంకె కదుల్తది. ప్రాణం లేని బరువుకే నిలుస్తది. సారు చెయ్యి తీగను ఐదూ యాభైమూడుకి పట్టింది. ఆరూ యాభై దాంక మిల్లీమీటరు కదల్లే. మీరే లెక్కవెట్టున్రి."

"నన్ను ఓదార్చడానికి చెప్పట్లేదు కదా?"

"నా మాట వద్దు. అంకెలు సూడున్రి."

రాజేశ్వరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. తెర మీద వేలు ఆన్చి, ఒక్కో వరుసా పైకే చదువుకుంటూ కిందికి వెళ్ళింది. యాభై ఏడు వరుసలు. అన్నీ ఒకటే అంకె.

"ఐదూ యాభైమూడుకి నేను వాకిట్లో ముగ్గేస్తున్నాను," అంది నెమ్మదిగా. "దీపం ఆరింటికి పెట్టాను. అప్పటికే..." ఆమె చెంపల మీద నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. కాసేపటికి వేలు వెనక్కి జరిపి ఆరూ ఇరవైయొకటి మీద పెట్టింది. "మరి ఈ నక్షత్రాలేంటి?"

ఉపేందర్ మళ్ళీ ఆ రెండు వరుసలూ చూశాడు. తీగ పట్టిన చెయ్యి వెంట్రుకవాసి కదలలేదు. బొత్తాం మాత్రం రెండుసార్లు నొక్కి ఉంది.

"ఉపేంద్రా, మర్నాడు చూడు," అంది ఆమె.

"మర్నాడు ఎందుకమ్మా?"

"చూడు."

చూశాడు. పొద్దున ఐదూ యాభైల్లో నక్షత్రం లేదు. నొక్కే మనిషి లేడు కదా. ఆరూ ఇరవైయొకటి, నక్షత్రం. ఇరవైరెండు, నక్షత్రం. ఆ మర్నాడూ అంతే. పదో రోజూ, ముప్పయ్యో రోజూ, ఈ పొద్దునా. సారు పోకముందు రోజుల్లోకి వెళ్ళి చూద్దామంటే ముందు రోజు మధ్యాహ్నం నుంచే మిగిలింది. ఆ పొద్దుటి ఆరూ ఇరవైయొకటి అప్పటికే చెరిగిపోయింది.

ఉపేందర్ లేచి, పెట్టె మూత విప్పాడు. బొత్తాం వెనక తీగలు లాగి చూశాడు. చెమ్మ లేదు, తుప్పు లేదు. పక్కింటి నీళ్ళ మోటరు వేసినప్పుడు కరెంటు ఎగిరి ఇలా గుర్తు పడుతుందేమోనని గోడ మీదుగా అడిగాడు. పక్కింటి తారామణి, "మా మోటరు ఏడున్నరకు గదా ఏసేది," అంది. మూత మళ్ళీ బిగించాడు. కారణం ఉండే ఉంటుంది, తనకు దొరకలేదు, అంతే అనుకున్నాడు. ఆ మాట తనకే నమ్మకంగా తోచలేదు.

"మీకెట్ల ఎరుక, తెల్లారి గూడ ఉంటదని?"

"రోజూ వినపడుతోంది నాయనా. సైరను ఆగాక. 'రాజ్యం' అని, నిమిషం ఆగి మళ్ళీ. మతి చెడిందనుకున్నాను."

"ఏనాడు పలుకలేదా అమ్మా?"

"మొదటి రోజు పలకనిదాన్ని. తర్వాత ఏ మొహం పెట్టుకుని పలకను?"

ఎండ పెరటి గోడ దిగుతోంది. ఆమె లేచి, లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "రేపు పొద్దున వస్తావా? ఆ పెట్టెకి తీగ పెట్టి చూస్తూ ఉండు. నాకు ఇంకా రెండు రోజుల పారాయణ మిగిలుంది."

మర్నాడు ఐదున్నరకే ఉపేందర్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సంచి తీసుకున్నాడు. స్వర్ణలత వద్దనలేదు. చొక్కా జేబులో నిమ్మకాయ తనే పెట్టింది. అతనూ తీయలేదు.

అతను వెళ్ళేసరికి తెల్లవారింది. రాజేశ్వరమ్మ తలారా స్నానం చేసి, పెరటి తలుపు బార్లా తెరిచి, లోపల పూజగదిలో కూర్చుని ఉంది. సరిగ్గా ఆరింటికి దీపం వెలిగింది. అరవై రోజుల తర్వాత ఆ గదిలో వెలుతురు గడప దాటి పెరట్లోకి సన్నగా పడింది. నామాలు మొదలయ్యాయి. ముందు గొంతు వణికింది, తర్వాత నిలదొక్కుకుంది.

ఉపేందర్ గట్టు మీద అడాప్టర్ తగిలించి కూర్చున్నాడు. నిమిషానికొక వరుస పడుతోంది. పెట్టె జ్ఞాపకంలో ఆ రోజు నిమిషాలు ఒక్కొక్కటే చెరిగి, వాటి చోట్లో ఈ రోజు నిమిషాలు కూర్చుంటున్నాయి. ఆరూ పది. ఆరూ పదిహేను. పారిశ్రామికవాడ వైపు నుంచి సైరన్ లేచి, సాగి, ఆగింది. కాకులు కూడా ఊరుకున్నాయి.

ఈసారి తెర చూడకూడదు, బొత్తామే చూడాలి అని గట్టిగా అనుకున్నాడు. అది కిందికి కదులుతుందా లేదా, తన కళ్ళతో తేల్చుకోవాలి. ఆరూ ఇరవై దాకా రెప్ప వేయకుండా దాన్నే చూశాడు. ఆ తర్వాత తెర మీద కొత్త వరుస పడిన మెరుపుకి కళ్ళు అటు తిరిగాయి. ఆరూ ఇరవైయొకటి. దాని చివర నక్షత్రం.

అతనికి ఏ పిలుపూ వినపడలేదు. కానీ అదే క్షణాన లోపల నామం మధ్యలో ఆగిపోయింది. రాజేశ్వరమ్మ గొంతు మామూలుగా, వంటింట్లోంచి పలికినట్టుగా, "ఆఁ, వస్తున్నానండీ," అంది.

ఆమె గుమ్మం దాటి వచ్చింది. కళ్ళు మూసుకునే, నైలాన్ తాడు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. ఉపేందర్ పక్కకు జరిగి నిలబడ్డాడు. గట్టు దగ్గర ఆమె చెయ్యి తడుముతూ తీగను పట్టుకుంది. ముడులు ఒక్కొక్కటీ వేళ్ళతో లెక్కపెట్టింది. బొత్తాం ముట్టుకోలేదు.

"ఇదిగో, ఇక్కడే ఉన్నాను," అంది బావిలోకి. "దీక్షలో ఉన్నాను, అందుకే పలకలేదు. మీ కోసమే కూర్చున్నాను. తప్పైతే తప్పే."

ఆరూ ఇరవైరెండు వరుస పడింది. తీగ పట్టుకున్న ఆమె చేతి వణుకుకి మట్టం అంకె ఊగుతోంది. ఉపేందర్ ఆ నిమిషమంతా వరుస చివరనే చూశాడు.

"రెండోది పడిందా నాయనా?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

ఆరూ ఇరవైమూడు వచ్చింది. పై వరుస చివర ఏమీ లేదు.

"లేదమ్మా. పడలే."

రాజేశ్వరమ్మ తీగ వదిలింది. కప్పీ చిన్నగా తిరిగి ఆగింది. "మధ్యలో లేచాను. మళ్ళీ మొదటి నామం నుంచి చదవాలి," అని, తాడు పట్టుకోకుండానే ఇంట్లోకి నడిచింది.